ఒక దేహంలో ఎందరు జీవులు?

తర్కశాస్త్రం చదవబోయే విద్యార్థి ముందుగా చేతికి తీసుకునే పుస్తకం తర్కసంగ్రహం. రాసినవాడు తెలుగువాడు, 17వ శతాబ్దపు అన్నంభట్టు. సంస్కృతంలో తర్కం నేర్పే చోట్ల ఇప్పటికీ సాధారణంగా అదే మొదటి వాచకం. అందులో జీవుడి ప్రస్తావన వచ్చినప్పుడు అన్నంభట్టు పెద్దగా వాదనలోకి దిగడు. న్యాయ దర్శనం అంతకు ఎన్నో శతాబ్దాల ముందే తేల్చుకున్న మాటను నాలుగు ముక్కల్లో చెప్పేసి ముందుకు సాగిపోతాడు. జ్ఞానం దేన్ని ఆశ్రయించి ఉంటుందో అది ఆత్మ. జీవాత్మ శరీరానికొకటి. ప్రతి జీవుడికీ ఒక మనస్సు, అదీ పరమాణువంతది. ఒంటికి ఒకడే ఉంటాడన్న లెక్కలో సందేహపడాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

1962లో లాస్ ఏంజెలిస్‌లో జరిగిన ఒక శస్త్రచికిత్స ఈ లెక్కను చిక్కులో పడేసింది. కత్తి పట్టినవాళ్లకు దర్శనాలతో పనిలేదు. ఒక రోగికి ఫిట్స్ ఆగితే చాలు వాళ్లకు.

వైద్య గ్రంథాల్లో ఆ రోగి పేరు డబ్ల్యూ.జె. అనే రెండక్షరాలే. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్ దళంలో పనిచేశాడు. జర్మన్ సైనికుడొకడు తుపాకి మడమతో తల మీద కొట్టాడు. తర్వాత మూర్ఛలు మొదలై ఏటికేడూ ముదిరాయి, మందులకు లొంగలేదు. ఫిట్స్ అంటే మెదడులో ఒకచోట నాడీకణాలు కట్టుతప్పి ఒక్కుమ్మడిగా విద్యుత్ సంకేతాలు వెదజల్లడం. ఆ అలజడి మొదలైన చోటే ఆగితే ఒక చెయ్యో కాలో కొట్టుకుని ఊరుకుంటుంది. అవతలి సగానికి కూడా పాకితే మనిషి స్పృహ తప్పి పడిపోతాడు. పాకే దారినే కోసేస్తే? శస్త్రవైద్యులు జోసెఫ్ బోగెన్, ఫిలిప్ వోగెల్ చేసింది అదే. ఫిట్స్ బాగా తగ్గాయి. మనిషి మునుపటిలాగే మాట్లాడాడు, నడిచాడు, నవ్వాడు.

ఆ దారి పేరు కార్పస్ కల్లోసం. మెదడు బరువు కిలోన్నరకు కాస్త తక్కువ. అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు. పైనుంచి చూస్తే అక్రోటు గింజలా రెండు సగాలు, రెండు మస్తిష్కార్ధగోళాలు. వాటి మధ్య లోతైన చీలిక. ఆ చీలిక అడుగున సుమారు 20 కోట్ల నాడీ తంతువులు కట్టగా కూడి ఒక సగాన్ని మరో సగంతో కలుపుతాయి. ఇంత పెద్ద వారధి ఎందుకుందో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1940లోనే న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో వాన్ వాగెనెన్ కొందరు రోగులకు దీన్ని కోశాడు. వాళ్లను పరీక్షించినవాళ్లకు చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. ఫిట్స్‌ను అటునుంచి ఇటు చేరవేయడమే దీని ఉద్యోగమని ఒకరు, రెండు సగాలూ కుంగిపోకుండా పట్టి ఉంచడానికేనని మరొకరు ఎగతాళి చేశారు.

తేడా కనబడకపోవడానికి కారణం సరైన ప్రశ్న అడగకపోవడం. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన రోజర్ స్పెరీ డబ్ల్యూ.జె. శస్త్రచికిత్సకు కొన్నేళ్ల ముందే పిల్లుల మీద ఆ ప్రశ్న అడగడం నేర్చుకున్నాడు. మెదడును చీల్చిన పిల్లికి ఒక సగం నేర్చుకున్న విద్య రెండో సగానికి తెలియదని చూపించాడు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న కుర్రవాడు మైఖేల్ గజానిగా. డబ్ల్యూ.జె.ను పరీక్షించే పని అతనికి దక్కింది.

ఆ పరీక్ష అర్థం కావాలంటే నాడీమండలం తీరు ఒకటి గుర్తుంచుకోవాలి. ఇక్కడ అంతా అడ్డదారి. కుడిచేతిని కదిలించేదీ, దాని స్పర్శను అందుకునేదీ ఎడమ అర్ధగోళం. ఎడమచేతి సంగతి చూసేది కుడి అర్ధగోళం. చూపు దగ్గర చాలామంది పొరబడతారు. ఎడమకన్ను కుడి మెదడుకు, కుడికన్ను ఎడమ మెదడుకు వెళ్తాయనుకుంటారు. నిజానికి ఒక్కో కంటి నుంచి వచ్చే తంతువుల్లో సుమారు సగం మాత్రమే దారి మారతాయి. ఫలితంగా మనం ఎదురుగా ఒక బిందువు మీద చూపు నిలిపితే, దానికి ఎడమవైపున్న దృశ్యమంతా రెండు కళ్లలోంచీ కుడి అర్ధగోళానికి చేరుతుంది, కుడివైపుది ఎడమ అర్ధగోళానికి. ఇక మాట. 1860ల్లో పారిస్‌లో పాల్ బ్రోకా చూపించినట్టు మాట పలికించే భాగం ఎక్కువమందిలో ఎడమ అర్ధగోళంలోనే ఉంది. మామూలు మనుషుల్లో ఏ సగానికి ఏది అందినా కార్పస్ కల్లోసం మీదుగా క్షణంలో రెండోదానికి చేరిపోతుంది కనుక ఈ పంపకం బయటపడదు.

తెర మధ్యలో ఒక చుక్క. రోగి దాన్నే చూస్తుంటాడు. చుక్కకు ఎడమవైపు ఒక చెంచా బొమ్మ, కళ్లు అటు తిరిగేలోపే, సెకనులో చిన్న భాగం పాటు మెరిసి మాయమవుతుంది. ఏం కనిపించిందని అడిగితే ఏమీ కనిపించలేదంటాడు. అబద్ధమాడటం లేదు. కానీ తెర వెనక కంటికి ఆననిచోట రకరకాల వస్తువులు పెట్టి ఎడమచేతితో తడిమి తీయమంటే, చెయ్యి చెంచానే వెతికి పట్టుకుంటుంది. పట్టుకున్నది ఏమిటో చెప్పమంటే నోరు మళ్లీ తెలియదనే అంటుంది.

చూడలేదన్నది ఎవరు? తీసింది ఎవరు?

డబ్ల్యూ.జె.కు రంగు దిమ్మెలిచ్చి నమూనాలో ఉన్నట్టు పేర్చమన్నప్పుడు మరో వింత జరిగింది. ఇలాంటి పనిలో కుడి అర్ధగోళానిది పైచెయ్యి. అందుకని ఎడమచెయ్యి చకచకా పేర్చేసింది. కుడిచేతికి ఆ పని రాలేదు, తడబడింది. అది చూస్తూ ఉండలేక ఎడమచెయ్యి మధ్యలో దూరి సాయం చేయబోయేది. దాన్ని పక్కకు నెట్టి ఉంచాల్సి వచ్చింది. ఇంకో సందర్భం ఇంత సరదాగా లేదు. ఎడమచేత్తో భార్యను దురుసుగా పట్టుకున్నప్పుడు కుడిచెయ్యి ఆమెకు అడ్డుగా వచ్చిందని గజానిగా రాశాడు. ఈ పనుల పాపపుణ్యాలు రాసుకునే చిత్రగుప్తుడు ఎన్ని ఖాతాలు తెరవాలి?

ఇక్కడ అన్నంభట్టుకు ముందున్న పెద్దాయన దగ్గరకు వెళ్లాలి. న్యాయసూత్రాలు కూర్చిన గౌతముడు ఆత్మ ఉందని ఊరికే చెప్పి వదిలేయలేదు, ఆధారం చూపించాడు. ఒక వస్తువును కంటితో చూస్తాం, తర్వాత చేత్తో తాకుతాం, ఇందాక చూసినది ఇదేనని గుర్తుపడతాం. కంటికి స్పర్శ తెలియదు, చర్మానికి రూపం తెలియదు. రెంటినీ కలిపి అదే ఇది అనేవాడు ఇంద్రియాలకు వేరుగా ఒకడుండాలి, వాడే ఆత్మ. అక్కడితో ఆగకుండా, ఎడమకంటితో చూసినదాన్ని కుడికంటితో గుర్తుపట్టడాన్ని కూడా ఆధారంగా తెస్తాడు. దానికి ఆ గ్రంథంలోనే ఆక్షేపణ ఉంది. నిజానికి కన్ను ఒక్కటే, మధ్యలో ముక్కు ఎముక అడ్డు రావడంతో రెండనుకుంటున్నాం అంటాడు ఎదుటివాది. ఆ చర్చ వినోదంగా కనిపించవచ్చు కానీ అడిగిన చోటు సరైనది. రెండుగా వచ్చినవి ఎక్కడ ఒకటవుతున్నాయి?

సుమారు పదిహేను శతాబ్దాల తర్వాత యూరప్‌లో డెకార్ట్ అదే చోట నిలబడ్డాడు. దేహాన్ని ముక్కలు చేయవచ్చు, మనసును చేయలేమని 1641లో రాశాడు. మరి ఆ అఖండమైన మనసు దేహాన్ని ఎక్కడ అంటుకుంటుంది? కళ్లు రెండు, చెవులు రెండు, మెదడులోనూ భాగాలన్నీ జంటలే, జంట లేనిది పీనియల్ గ్రంథి ఒక్కటే కనిపించింది ఆయనకు. ఆత్మకు అక్కడ పీఠం వేశాడు. పీనియల్ గ్రంథి మెలటోనిన్ తయారుచేసి నిద్రా మెలకువల వేళలను సర్దడంలో పాలుపంచుకుంటుందని ఇప్పుడు తెలుసు. అన్ని దారులూ వచ్చి చేరే సింహాసనం లాంటి చోటు మెదడులో ఎక్కడా కనబడలేదు. చూపు ప్రధానంగా వెనక భాగంలో, స్పర్శ నడినెత్తి కింద, ఆలోచించి అడుగేయడం నుదుటి వెనక, శరీరపు తూకం అనుమస్తిష్కంలో, ఊపిరి, గుండె లయ మజ్జాముఖంలో. ఎవరి పని వాళ్లది, మధ్యలో తంతువుల రాకపోకలు.

చీలిన మెదడు రోగుల్లో గౌతముడు చూపించిన ఆధారమే సడలింది. ఎడమచేత్తో తాకిన వస్తువుకూ, చుక్కకు కుడివైపు చూసిన బొమ్మకూ జత కుదర్చమంటే కుదర్చలేరు. ఎడమవైపు చూసినదీ కుడివైపు చూసినదీ ఒకటో కాదో చెప్పలేరు. చూసినవాడూ తాకినవాడూ ఒకడే అనిపించే ఆ కలయికలో పెద్ద వాటా 20 కోట్ల తంతువులదని తేలింది. ఆత్మ లేదని దీనితో రుజువైపోలేదు. రుజువైందల్లా ఒకటే. ఒకే జ్ఞాత ఉన్నాడనడానికి ఏ పనిని సాక్ష్యంగా పిలిచామో ఆ పని చేసేది కత్తికి తెగే పదార్థం. సాక్ష్యం పోయినంత మాత్రాన ముద్దాయి పోడు, కానీ వాది కొత్త సాక్ష్యం తెచ్చుకోక తప్పదు.

న్యాయ దర్శనాన్ని నమ్మే నైయాయికుడు ఊరుకునే రకం కాదు. మెదడు సాధనం, ఆత్మ కర్త. సాధనం పాడైతే కర్తకు లోపమేముందంటాడు. గుడ్డివాడికి రంగు తెలియనంతలో ఆత్మ తగ్గిపోయిందా? సమాధానం బలమైనదే, అయితే ఇక్కడ సరిగ్గా అతకదు. గుడ్డివాడి విషయంలో రంగు జ్ఞానం అసలు కలగనే లేదు. ఇక్కడ కలిగింది. చెంచా చూసినట్టు ఎడమచెయ్యి పనితో నిరూపిస్తోంది, చూడలేదని నోరు చెబుతోంది. ఒకే జ్ఞాతకు ఒకే వస్తువు ఒకే క్షణాన తెలిసీ తెలియకుండా ఉందనాలి. మనస్సు అణువు కనుక ఒక క్షణంలో ఒక వైపే ఉంటుంది, ఇటున్నప్పుడు అటు లేదు అని తప్పించుకోవచ్చు. రెండు జ్ఞానాలు ఒకేసారి పుట్టకపోవడమే మనస్సు ఉందనడానికి గుర్తని గౌతముడి మాట కూడా. కానీ ఈ రోగులు రెండు చేతులతో ఒకేసారి రెండు వేర్వేరు ఆకారాలు గీయమంటే మనకంటే సులువుగా గీస్తారు. మనకు ఒక చెయ్యి రెండోదాన్ని లాగేస్తుంది, వాళ్లకు లాగదు. అలాంటప్పుడు ఒక జీవుడికి రెండు మనస్సులని ఒప్పుకోవాలి, లేదా ఒక దేహంలో ఇద్దరు జీవులని. ఏది ఒప్పుకున్నా తర్కసంగ్రహంలో ఒక వాక్యం తిరగరాయాల్సిందే. మొదటిదే తక్కువ నష్టమని ఈనాటి నైయాయికుడు ఎంచుకుంటాడేమో.

చార్వాకుడికి మాత్రం ఇది పండగే. తమలపాకు, వక్క, సున్నం దేనిలోనూ లేని ఎరుపు మూడూ కలిస్తే పుట్టినట్టు, భూతాలు కలిస్తే చైతన్యం పుడుతుందన్నది లోకాయతుల పాత పోలిక. కలయిక విడిపోతే చైతన్యమూ విడిపోతుందన్న ముక్క వాళ్ల లెక్కలో ఇమిడే ఉంది. అద్వైతి కూడా చెమటోడ్చకుండానే బయటపడతాడు. అంతఃకరణం జడం, అది ముక్కలైతే సాక్షికేమిటంటాడు. ఇద్దరు మనుషుల్లోనే చైతన్యం ఒకటైనప్పుడు రెండు అర్ధగోళాల్లో వేరెలా అవుతుంది? వినడానికి గట్టిగానే ఉంది, కానీ అడిగినది అది కాదు. వ్యవహారంలో, ఈ తెర ముందు కూర్చున్న మనిషిలో, నేను అనుకునే జీవులు ఎందరన్నది ప్రశ్న. పరమార్థం వైపు వెళ్లిపోవడం జవాబు చెప్పడం కాదు, ప్రశ్న అడిగిన గదిలోంచి లేచి వెళ్లడం. విశిష్టాద్వైతికి ఇంకో చిక్కుంది. రామానుజుల మతంలో ఆత్మ అణువు, హృదయంలో ఉండి తన ధర్మమైన జ్ఞానాన్ని దేహమంతా ప్రసరింపజేస్తుంది. ఆ జ్ఞానం ముడుచుకోనూ గలదు, విచ్చుకోనూ గలదు. ముడుచుకోవడం సరే, ఒకదానికొకటి తెలియని రెండు ప్రసారాలుగా చీలగలదా అన్నది ఆచార్యులకు ఎదురుకాని ప్రశ్న.

పాశ్చాత్యుల్లో ఈ ప్రశ్న కత్తి కంటే ముందే పుట్టింది. మెదడును నడిమికి చీల్చగలిగితే రెండు చైతన్యాలు వస్తాయని 1860లో జర్మన్ శాస్త్రవేత్త ఫెక్నర్ ఊహించాడు. ఇంగ్లిష్ మనస్తత్వవేత్త మెక్‌డూగల్ ఒప్పుకోలేదు. శస్త్రచికిత్సలు నిజంగా జరిగాక స్పెరీ ఫెక్నర్ పక్షాన నిలిచాడు. ఒక్కో సగానికీ తనదైన అనుభవం, తనదైన జ్ఞాపకం ఉన్నాయన్నాడు. ఈ పనికి 1981లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. నాడీ సంకేతాల మీద పరిశోధనకు 1963లో నోబెల్ పొందిన జాన్ ఎకల్స్ ఆత్మవాది. మాటాడే ఎడమ సగంతోనే ఆత్మకు సంబంధం, కుడి సగంలో స్వీయస్పృహ లేదని వాదించాడు. దాన్ని పరీక్షకు పెట్టారు స్పెరీ బృందంవారు. కుడి అర్ధగోళానికి మాత్రమే అందేలా ఫోటోలు చూపిస్తే, వాటిలో తన ముఖాన్నీ ఇంటివాళ్లనూ గుర్తుపట్టింది. ఇష్టాయిష్టాలను బొటనవేలు పైకీ కిందికీ చూపి చెప్పింది. మూగదాన్ని లేనిదనుకోవడం ఎకల్స్ పొరపాటు. నిజానికి పెద్ద పదవుల్లో ఉన్న మాటకారుల గురించీ, పక్కన మౌనంగా పనిచేసేవాళ్ల గురించీ లోకం చేసే పొరపాటే ఇది.

మాటకారి సగం ఎంత మాటకారో 1970ల్లో తెలిసింది. వెర్మాంట్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు, గ్రంథాల్లో పేరు పి.ఎస్. ఎడమ అర్ధగోళానికి కోడికాలు బొమ్మ, కుడిదానికి మంచు పేరుకున్న ఇంటి బొమ్మ ఒకేసారి చూపించి, ముందున్న కార్డుల్లో తగినవి ఎంచుకోమన్నారు గజానిగా, జోసెఫ్ లెడూ. కుడిచెయ్యి కోడిని చూపింది. ఎడమచెయ్యి మంచు ఎత్తిపోసే పారను చూపింది. రెండూ సబబే. పార ఎందుకని అడిగారు. జవాబు చెప్పాల్సింది ఎడమ సగం. దానికి మంచు సంగతి తెలియదు. తెలియదని ఊరుకోలేదు, ఒక్క క్షణం తడుముకోలేదు. కోళ్ల షెడ్డు శుభ్రం చేయడానికి పార కావాలి కదా అంది.

ఈ ఒక్క జవాబు వేదాంత తరగతుల్లోనూ చర్చించదగ్గది. ఎవరి పనికో తానే కర్తనని చెప్పుకుని, కారణం కూడా అల్లిపెట్టే వ్యవస్థ ఒకటి ఎడమ అర్ధగోళంలో ఉందని గజానిగా తేల్చి, దానికి వ్యాఖ్యాత అని పేరు పెట్టాడు. వ్యాఖ్యాత రోగుల్లోనే కాదు, అందరిలోనూ ఉన్నాడన్నది ఆయన వాదం. ఇది అహంకారం గురించి సాంఖ్యులూ వేదాంతులూ చెప్పినదానికి దగ్గరగా ఉందని సంబరపడేవాళ్లున్నారు. సంబరం కొంత సబబే. చేయనిదాన్ని నేను చేశానని తలచేదే అహంకారమని వాళ్లూ అన్నారు. తేడా ఎక్కడంటే, వాళ్లు ఆ అహంకారం వెనక నిజమైన నేను ఒకటుందన్నారు. ప్రయోగశాలలో వ్యాఖ్యాత వెనక దొరికింది మరో అర్ధగోళం. బౌద్ధుడికి ఇది వింతగా తోచదు. రథం అంటే చక్రాలు, ఇరుసు, కాడి తప్ప విడిగా రథమంటూ లేదని మిళింద రాజుకు భిక్షువు నాగసేనుడు చెప్పిన సంగతి వాళ్లకు కంఠస్థం. బ్రిటిష్ తాత్వికుడు డెరెక్ పార్‌ఫిట్ 1984లో రాసిన గ్రంథంలో చీలిన మెదడును ముందు పెట్టుకునే, వ్యక్తి ఒకడా ఇద్దరా అన్న ప్రశ్నకు మనం ఊహించినంత లోతైన జవాబేమీ లేదన్నాడు. బుద్ధుడు తనతో ఏకీభవించేవాడని కూడా రాసుకున్నాడు.

కోళ్ల షెడ్డు జవాబిచ్చిన ఆ కుర్రాడు పి.ఎస్.నే పెద్దయ్యాక ఏమవుతావని అడిగారు. నోరు డ్రాఫ్ట్స్‌మన్ అంది. కుడి సగానికి మాత్రమే ప్రశ్న అందేలా అడిగితే ఎడమచెయ్యి అక్షరాల బిళ్లలు పేర్చి కారు పందేలని జవాబిచ్చింది. దేవుడి దగ్గరా ఇలాంటి చీలికే ఒకటి తాను చూశానని 2006లో ఒక సభలో నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ చెప్పాడు. ఒక రోగిలో ఒక సగం దేవుణ్ని నమ్ముతానంది, రెండోది నమ్మనంది. పోయాక ఒక సగం స్వర్గానికి, ఇంకో సగం నరకానికి వెళ్తాయా అని ఆయన చమత్కరించాడు. ఇది ఒకే ఒక్క మనిషి సంగతి, ఉపన్యాసంలో చెప్పినది. దాని మీద మేడలు కట్టకూడదు. అయినా కర్మ సిద్ధాంతం నమ్మేవాళ్లకు ప్రశ్న నవ్వులాట కాదు. భక్తి చేసినవాడూ నిరాకరించినవాడూ ఒకే చర్మంలో ఉంటే మరుజన్మకు వెళ్లే వాసనలు ఎవరివి?

ఇంతదాకా చెప్పింది విని మెదడులో ఇద్దరు అపరిచితులు కాపురముంటున్నారనుకుంటే అదీ అతిశయోక్తే. శస్త్రచికిత్స కోసింది పైవారధిని మాత్రమే. కింద మెదడుకాండం చెక్కుచెదరలేదు. ఆకలి, నిద్ర, మెలకువ, గుండెదడ ఉమ్మడి ఆస్తులే. స్పెరీ ఒక రోగి కుడి అర్ధగోళానికి హఠాత్తుగా ఒక నగ్నచిత్రం చూపిస్తే ఆమె ముసిముసిగా నవ్వింది, సిగ్గుపడింది. ఏం చూశావంటే ఏమీ లేదంది. దృశ్యం దాటలేదు, దాని సిగ్గు దాటింది. ఇంటిదగ్గర, బజారులో ఈ రోగులు మామూలుగా ఉండగలిగింది అందుకే. కళ్లు ఇటూ అటూ తిప్పితే రెండు సగాలకూ అన్నీ అందుతాయి, ఒక సగం చేసే పనిని రెండోది చూసి అందిపుచ్చుకుంటుంది.

2017లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన యాయీర్ పింటో బృందం ఇద్దరు రోగుల్ని మళ్లీ పరీక్షించి పాత కథకు ఎదురు చెప్పింది. బొమ్మ ఏ వైపు మెరిసినా, అది వచ్చిందనీ, ఎక్కడ వచ్చిందనీ వాళ్లు ఏ చేత్తోనైనా చూపారు, నోటితోనూ చెప్పారు. అయితే ఇటు బొమ్మను అటు బొమ్మతో పోల్చమంటే పోల్చలేకపోయారు. చూపు రెండుగా చీలింది కానీ చైతన్యం చీలలేదని పింటో అంటాడు. గజానిగా పక్షంవాళ్లు ఒప్పుకోలేదు. ఒక సగం కంటి కదలికతోనో కండరపు బిగువుతోనో రెండోదానికి సూచన అందిస్తుంది, అది చూసి ఒక్కడే ఉన్నాడని భ్రమపడుతున్నారన్నారు.

పింటో మాట నిజమైతే గౌతముడికి ఇంకో తలనొప్పి. ఇచ్ఛ, ద్వేషం, ప్రయత్నం, సుఖం, దుఃఖం, జ్ఞానం అనే ఆరూ ఆత్మకు గుర్తులని ఆయన ఒకే సూత్రంలో గుదిగుచ్చాడు. ఇవి ఎప్పుడూ కలిసే ఉంటాయి కనుక ఏ గుర్తు పట్టుకున్నా అదే ఆత్మ దొరుకుతుందనుకున్నాం. ఇక్కడ ప్రయత్నం ఒకటిగా, జ్ఞానం రెండుగా కనబడుతున్నాయి. ఏ గుర్తును పట్టుకుని జీవుల్ని లెక్కపెట్టాలో ముందు తేలాలి. తేల్చడానికి మనుషులూ తక్కువే. మందులు మెరుగయ్యాయి, పూర్తి వారధిని కోసే శస్త్రచికిత్స ఇప్పుడు అరుదు. కోసినా చాలాసార్లు ముందు భాగం మాత్రమే కోసి వదిలేస్తున్నారు. 1960ల్లో, 70ల్లో పరీక్షలకు కూర్చున్న తరం ముసలిదైపోయింది. పాత రికార్డులు చేతబట్టుకుని, మిగిలిన కొద్దిమంది దగ్గర కొత్త తెరలు, కొత్త బొమ్మలతో పరిశోధకులు మళ్లీ అదే చుక్కను చూడమంటున్నారు.